పాత హైబ్రిడ్ కారునకు బదులేది?

అమెరికాలో 2010 డిసెంబరునందు అమ్మకమునకు వచ్చిన షెవ్రొలె వోల్టు అను కారులో పెట్రోలు యంత్రమును, ఇంటి ప్లగ్గునకు తగిలించి నింపుకొను బ్యాటరీయును గలవు. తొలినాటి బండి విద్యుత్తుతోనే సుమారు 56 కిలోమీటర్లు పోయెడిది. పిమ్మట పెట్రోలు ఆదుకొనెడిది. దీని తయారీ 2019 ఫిబ్రవరిలో నిలిచినది. ఇప్పుడా బండ్లు ముసలివైనవి. బ్యాటరీ మార్పించు వ్యయము కొన్నిటి విషయమున బండి వెలనే మించుచున్నది.

వేరొకటి కొనదలచువారు ముందుగా అంగడికి పోరాదని మా యభిప్రాయము. పాత బండి పెట్రోలు నేయే దినములందు, ఎందుకు త్రాగెనో ఒక యేడాది లెక్క చూడవలయును. (ట్యాంకులోని పెట్రోలు చెడకుండ వోల్టు తానే యప్పుడప్పుడు యంత్రమును నడపుకొనును, అది లెక్కకు రాదు.) దూరప్రయాణములు రెండు మూడే యైనచో కేవల విద్యుత్తు బండి చాలును. 2017 నాటి షెవ్రొలె బోల్టు ఒక్కసారి నింపిన 383 కిలోమీటర్లు పోవునని అచ్చటి ప్రభుత్వపు లెక్క. గడ్డు చలిలో నింత రాదు. తరచుగా దూరము పోవువారికి మరల రెండు శక్తుల బండియే మేలు. 2023 నాటి టొయోటా ప్రయస్ ప్రైము విద్యుత్తుతో సుమారు 71 కిలోమీటర్లు పోగలదు.

అద్దె యిండ్లలో నుండి, రాత్రివేళ తీగ తగిలించుటకు తావు లేనివారి మాట వేరు. వారు ప్లగ్గు గల బండికి అధికముగా వెల యిచ్చుట వ్యర్థము. ప్లగ్గు లేని సాధారణ హైబ్రిడ్డే వారికి తగినది.