ఆపడమే అసలు పని!

పొయ్యి మీద కుక్కర్ ఉంది. స్టవ్ కట్టేశారు. వెంటనే మూత తీస్తారా? తీయరు. మంట ఆరినా లోపల ఆవిరి ఆరలేదని వంటింట్లో అందరికీ తెలుసు. మరి ఆ కుక్కర్ 60 మీటర్ల పొడవుండి, లోపల 1,450 డిగ్రీల వేడి ఉంటే?

సిమెంటు ఫ్యాక్టరీలోని కిల్న్ అలాంటిదే. నల్గొండ జిల్లా వాడపల్లి, విష్ణుపురం... 2016లో సూర్యాపేట జిల్లాలో చేరిన మేళ్లచెరువు, మఠంపల్లి... కృష్ణా తీరంలోని సున్నపురాయి పుణ్యమా అని ఇదంతా సిమెంటు సీమ. అక్కడ మూడు షిఫ్టుల్లో పగలూ రాత్రీ తిరిగే ఉక్కు గొట్టమే కిల్న్. కాస్త ఏటవాలుగా పడుకోబెట్టిన పొగగొట్టంలా ఉంటుంది. లోపల వేడికి తట్టుకునే ఇటుకల వరస. పై నుంచి సున్నపురాయి పొడి జారుతుంటే, కింది నుంచి మంట ఎదురొస్తుంది. కరిగీ కరగకుండా ఉండకట్టి బయటికొచ్చేదే క్లింకర్. దాన్ని కాస్త జిప్సంతో కలిపి మరపడితే సిమెంటు.

ఆగితే వంగుతుంది!

దీన్ని నడపడం ఒక ఎత్తు, ఆపడం మరో ఎత్తు. మంట ఆర్పగానే తిప్పడం మానేస్తే, లోపలి సరుకు ఒకవైపే పేరుకుంటుంది. పైభాగం, కిందిభాగం వేర్వేరుగా చల్లారతాయి. అంతే... వందల టన్నుల గొట్టం అరటిపండులా వంగిపోతుంది. ఇటుకలు రాలిపోతాయి.

అందుకే మంట ఆర్పాకా తిప్పుతూనే ఉంటారు. మొదట ఆపకుండా, తర్వాత కొన్ని నిమిషాలకోసారి కొంచెం కొంచెంగా, చల్లారే కొద్దీ ఇంకా ఎడం ఇస్తూ... ఒక్కోసారి రెండు రోజులు! వాన వస్తే మరీ జాగ్రత్త. వేడి గొట్టం మీద నీళ్లు పడేటప్పుడు తిప్పడం ఆపకూడదు. కరెంటు పోయినా తిప్పాలి కాబట్టి విడిగా డీజిల్ ఇంజనో, జనరేటరో సిద్ధంగా ఉండాలి.

అసలు గండం ఆ తర్వాతే. ఇటుకలు మార్చడానికి మనుషులు లోపలికి దిగాలి. దిగేముందు గాలిలో ప్రాణవాయువు చాలినంత ఉందో లేదో, విషవాయువులు ఉన్నాయేమో పరీక్షించాలి. మోటారు స్విచ్చికి తాళం వేసి, ఆ తాళంచెవి లోపలికి దిగేవారి దగ్గరే ఉంచాలి. పైనున్న సైక్లోన్లలో ఎర్రగా కాగిన పొడి ఎక్కడైనా ఇరుక్కుందేమో చూడాలి. అది ఒక్కసారిగా కదిలితే నీళ్లలా పారుతూ మీదికి వస్తుంది. తప్పించుకునే వ్యవధి ఉండదు.

నిద్రపోని రసాయనం

మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల దగ్గర పోలేపల్లిలోనూ, చౌటుప్పల్ చుట్టుపక్కలా ఉన్న మందుల పరిశ్రమల కథ ఇంకో రకం. కొన్ని రసాయన చర్యల్లో వేడి దానంతటదే పుడుతుంది. కరెంటు పోయి రియాక్టర్‌లో కలిపే మర, చల్లబరిచే నీరు ఆగినా... లోపలి చర్య ఆగదు. వేడి పెరిగే కొద్దీ దాని వేగమూ పెరుగుతుంది.

ఆగిన ఫ్యాక్టరీ ఎంత ప్రమాదమో 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం చూసింది. లాక్‌డౌన్‌తో మూతపడిన ఎల్జీ పాలిమర్స్‌లో ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి, ఆవిరి చుట్టుపక్కల ఊళ్లను కమ్మేసింది. 12 మంది చనిపోయారు. ఉత్పత్తి ఆగినా ట్యాంకులోని సరుకును చల్లగా ఉంచే పని ఆగకూడదు. ఆ చల్లబరిచే ఏర్పాట్లే సరిగా లేవని, సైరన్ కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది.

తొందరే శత్రువు

కిల్న్ ఆగిన ప్రతి గంటా నష్టమే. అందుకే ‘ఇంకెంతసేపు?’ అన్న ఫోన్లు మొదలవుతాయి. ‘ఇంకా చల్లారలేదు సార్, దిగనివ్వను’ అని చెప్పడానికి ఆపరేటర్‌కు అనుభవం ఒక్కటే చాలదు, ఆ మాట వినే యాజమాన్యం కూడా ఉండాలి. షట్‌డౌన్ పనుల్లో ఎక్కువగా కాంట్రాక్టు కూలీలే ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఏ గొట్టంలో ఏముందో తెలియదు. వాళ్లకు ముందుగా చెప్పి, పర్మిట్ చేతికిచ్చాకే పనిలోకి దింపాలి.

మీ ఇంట్లోనూ ఫ్యాక్టరీకి వెళ్లేవాళ్లుంటే, షట్‌డౌన్ రోజుల్లో డ్యూటీ నుంచి ఆలస్యంగా రావచ్చు. కంగారు పడకండి. కుక్కర్ మూత తీయడానికి మీరు ఆగినట్టే, వాళ్లూ అక్కడ ఆగుతున్నారేమో!