క్రియాటినిన్‌తో పాటు టీఎస్‌హెచ్ కూడా!

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరైనా ఒంట్లో నలతగా ఉందంటే చాలు, పక్కవాళ్లు మొదట అడిగేది "క్రియాటినిన్ చూపించుకున్నావా?" అనే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీల పనితీరు చెప్పే ఆ రక్తపరీక్షేమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఈ కొబ్బరి తోటల మధ్య కష్టం చేసుకుని బతికేవాళ్లనే ఎక్కువగా పట్టుకుంది. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీరు పైపుల్లో వచ్చింది. భయం మాత్రం పోలేదు. ఆ భయమే జనాన్ని పరీక్షకు నడిపిస్తోంది కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. కాకపోతే క్రియాటినిన్ బాగానే ఉందన్న కాగితం చేతికి రాగానే ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోతున్నాం. అలసట మాత్రం అలాగే ఉండిపోతోంది. అలాంటివాళ్లు అడగాల్సిన రెండో పరీక్ష థైరాయిడ్‌ది, అంటే టీఎస్‌హెచ్.

కాశీబుగ్గలో జీడి పిక్కలు కొట్టే మహిళనే తీసుకోండి. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే చర్మం పొడిబారుతుంది. ఆమె చేతులు చూస్తే జీడి నూనె తగిలి వేళ్లు నల్లబడి, తోలు లేచి ఉంటాయి. ఇక పొడిబారిన చర్మాన్ని జబ్బు గుర్తుగా ఎవరు పట్టించుకుంటారు? రోజంతా కూర్చుని చేసే పని కాబట్టి నడుం నొప్పి, కాళ్ల తిమ్మిర్లు పని వల్లేననుకుంటుంది. జుట్టు రాలితే నీళ్ల మీదికి, ఒళ్లు వస్తే వయసు మీదికి, నెలసరిలో రక్తం ఎక్కువ పోతే 'ఆడవాళ్లకు మామూలే' అన్న మాట మీదికి నెట్టేస్తారు. మలబద్ధకం, గొంతు బొంగురుపోవడం, అందరూ ఉక్కపోత అంటుంటే తనకొక్కదానికే చలి వేయడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం... వీటిలో ఏ ఒక్కటీ థైరాయిడ్‌ను రుజువు చేయదు. నాలుగైదు కలిసి నెలల తరబడి వదలకుండా ఉంటే మాత్రం రక్తపరీక్ష చేయించుకోవాల్సిందే.

చివరికి ముఖం ఉబ్బుతుంది, కాళ్లకు నీరు పడుతుంది. అప్పుడు "కిడ్నీకి ఏటైనా అయ్యిందేటో" అని ఇల్లంతా బెంబేలెత్తిపోతుంది. నిజానికి ఉద్దానం కిడ్నీ జబ్బు చాలా మందిలో ఏ వాపూ లేకుండా చాపకింద నీరులా ముదురుతుంది. థైరాయిడ్ బాగా తగ్గిపోయినవారిలో వచ్చే వాపు వేలితో నొక్కినా సాధారణంగా గుంట పడదు. ఇది ఇంట్లో నొక్కి చూసి తేల్చుకునే విషయం కాదు, డాక్టరుకు చెప్పాల్సిన విషయం.

ఉద్దానం వాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. థైరాయిడ్ హార్మోను బాగా తగ్గితే గుండె నుంచి కిడ్నీలకు అందే రక్తం తగ్గుతుంది. వడపోత మందగిస్తుంది. క్రియాటినిన్ కొంత పెరుగుతుంది. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక కొన్ని వారాల్లో, నెలల్లో అది దిగివస్తుంది కూడా. అలాగని ఇక్కడి కిడ్నీ జబ్బంతా థైరాయిడే అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నా మాటల్లా ఒక్కటే: క్రియాటినిన్ కాస్త ఎక్కువగా కనిపించిన మనిషికి టీఎస్‌హెచ్ కూడా చూడకుండా వదలకూడదు. ఊళ్లలో పెట్టే కిడ్నీ వైద్య శిబిరాల్లో ఈ ఒక్క పరీక్ష కలిపితే ఎంత మేలో! హైదరాబాద్ సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్లపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో థైరాయిడ్ మందగించినవారు 10.95 శాతం ఉన్నారు. ఇది అరుదైన జబ్బేమీ కాదు.

టీఎస్‌హెచ్ మెదడు కింద ఉండే పీయూష గ్రంథి నుంచి వస్తుంది. థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది. దాదాపు 0.4 నుంచి 4 వరకు మామూలు. ల్యాబును బట్టి ఈ హద్దులు కొంచెం మారతాయి. టీఎస్‌హెచ్ పెరిగి, థైరాయిడ్ హార్మోను ఫ్రీ టీ4 తగ్గితే మందు కావాలి. టీఎస్‌హెచ్ 10 లోపు ఉండి, టీ4 మామూలుగానే ఉంటే కంగారుపడి మాత్ర మొదలుపెట్టేకంటే రెండు మూడు నెలలకు మళ్లీ పరీక్షించడం మంచిది. గర్భిణుల సంగతి వేరు, వాళ్లు ఆగకూడదు. యాంటీ టీపీవో పరీక్ష పాజిటివ్ అంటే సొంత రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీస్తోందన్న సూచన. ముదిరిన కిడ్నీ జబ్బులో, డయాలసిస్‌లో ఉన్నవారికి మరో థైరాయిడ్ హార్మోను టీ3 తగ్గి కనిపించడం మామూలే. ఆ ఒక్క అంకె చూసి థైరాయిడ్ అని తేల్చేయకూడదు.

ఇక ఉప్పు సంగతి. టెక్కలి నుంచి సముద్రం వైపు సాగితే నౌపడ ఉప్పు మడులు కనిపిస్తాయి. సముద్రం ఒడ్డున ఉన్నాం, మనకు అయోడిన్‌కు కొదవేముంటుందని చాలా మంది అనుకుంటారు. సముద్రపు చేపల్లో అయోడిన్ ఉంటుంది. మడిలో ఎండిన కల్లుప్పులో మాత్రం దాదాపు ఉండదు, దాన్ని విడిగా కలపాలి. ఆ కలపడం ఎంత మేలు చేస్తుందో దేశానికి రుజువు చేసినవారిలో ముందువరసలో ఉన్నది మన శ్రీకాకుళంలోనే 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్న ఆయన 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో సహచరులతో కలిసి కొన్ని ప్రాంతాలకు అయోడిన్ ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇప్పించి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గొంతువాపు (గాయిటర్) బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇంతటి మనిషి మన జిల్లావాడని మన బడిపిల్లల్లో ఎందరికి తెలుసు? ఆయన పేరు ప్రతి తరగతి గదిలోనూ వినిపించాలి.

అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో మళ్లీ అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులు అక్కర్లేదు. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. మోతాదు మించితే ఆ అయోడినే థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఉప్పు తగ్గించాలి, తినే ఆ కాస్తా అయోడిన్ ఉప్పు అయితే మేలు. సోడియం తక్కువంటూ అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. డాక్టరును అడగకుండా కిడ్నీ రోగులు వాటి జోలికి పోవద్దు.

'థైరాయిడ్ సపోర్ట్' పేరుతో వచ్చే డబ్బాల మీద నాకు నమ్మకం లేదు, ఉద్దానంలోనైతే అసలు లేదు. వాటిలో ఉండే సెలీనియం ఎక్కువైతే జుట్టు ఇంకా రాలుతుంది. అశ్వగంధ మాత్రలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఏముందో రాయని పొడి ఏదైనా కిడ్నీకి ప్రమాదమే. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు ఇంకో తిప్పలు పెడతాయి. రోజుకు 30 మైక్రోగ్రాములు చాలినచోట వాటిలో 5,000, 10,000 కూడా ఉంటుంది. కొన్ని ల్యాబ్ కిట్లలో ఇది టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపించి ఉన్న జబ్బును దాచేస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. కిడ్నీ జబ్బు ఉంటే బయోటిన్ ఒంట్లోంచి త్వరగా పోదు కాబట్టి ఇంకా ముందే ఆపాల్సి రావచ్చు. ఐరన్ తక్కువై రక్తహీనత వస్తే ఐరన్, లోపం తేలితే బీ12, విటమిన్ డి అవసరమే. పరీక్షలో తేలిన లోపానికి మందు వాడటం వేరు, ఊహించుకుని డబ్బా కొనుక్కోవడం వేరు.

థైరాయిడ్ మాత్ర రాసిచ్చాక కూడా పని చెడేది చాలాసార్లు వేళ దగ్గరే. ఆ మాత్రను (లెవోథైరాక్సిన్) పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, టీ, టిఫిన్‌లకు అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కిడ్నీ రోగులు ఫాస్ఫరస్ తగ్గడానికి భోజనంతో వేసుకునే మాత్రలకూ ఇదే లెక్క. అవన్నీ ఒకే గుప్పిట్లో పోసుకుని మింగితే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. టీఎస్‌హెచ్ దిగదు. డాక్టరేమో మోతాదు పెంచుకుంటూ పోతాడు. డయాలసిస్‌కు తెల్లవారకముందే బయల్దేరేవారికి ఉదయం ఈ ఎడం కుదరదు. రాత్రి ఏడింటికే భోజనం, దానితో వేసుకునే మాత్రలు ముగించి, పదకొండు గంటలకు థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. వేళ మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకుంటే, మాత్ర ఒంటికి పడుతోందో లేదో తెలిసిపోతుంది.