కమాన్ పట్టీలు పెంచితే బండి ఒరగదా?

చలికాలం చివర మహబూబాబాద్ జిల్లాలో ఏ రోడ్డెక్కినా మిర్చి బస్తాల పికప్‌లే కనిపిస్తాయి. కొన్ని కేసముద్రం మార్కెట్‌కు, మరికొన్ని వరంగల్ ఎనుమాములకు పోతుంటాయి. జనగామ వైపు అంతకు ముందే పత్తి సీజన్ మొదలవుతుంది. భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్లు నలగ్గొట్టిన రోడ్ల మీద అవే పికప్‌లు సిమెంటు, సెంట్రింగ్ చెక్క, పెళ్లి సామాను మోస్తాయి. బొలెరో నడిపేవాళ్లైనా, దోస్త్ నడిపేవాళ్లైనా చెప్పేది ఒకటే: మలుపులో బండి ఒరుగుతోంది. మందు మాత్రం ప్రతి షెడ్డులోనూ, ప్రతి చాయ్ హోటల్లోనూ దొరుకుతుంది. ఆ మందుల్లో కొన్ని పనిచేస్తాయి. కొన్నింటివల్ల ప్రమాదం అక్కడే ఉంటుంది, అది వస్తున్నట్టు చెప్పే గుర్తు మాత్రం పోతుంది.

అపోహ: "ఎన్క ఇంకో రెండు పట్టీలు ఏపిస్తే బండి పడదు."

ఒరగడం వేరు, పడడం వేరు. పట్టీలు ఎక్కిస్తే ఒరగడం తగ్గుతుంది, అందులో అబద్ధం లేదు. పడడాన్ని తేల్చేవి ముఖ్యంగా రెండే: ఎడమ, కుడి చక్రాల మధ్య వెడల్పు, లోడుతో కలిపి బండి గరిమనాభి ఎత్తు. వెడల్పులో సగాన్ని ఆ ఎత్తుతో భాగించి చూడండి. వెడల్పు 1.4 మీటర్లు, ఖాళీ బండి గరిమనాభి 0.7 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే జవాబు 1. అంటే బండి బరువుకు సమానమైన బలం పక్కకు తోస్తే తప్ప అది తిరగబడదు. అంతకు ముందే టైర్లు జారిపోతాయి. బస్తాలు పేర్చి ఆ ఎత్తును 1.2 మీటర్లకు తెస్తే జవాబు 0.58కి పడిపోతుంది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ 2001 నుంచి బండ్లకు బోల్తా రేటింగు ఇవ్వడానికి ఆధారంగా తీసుకున్నది ఈ భాగహారాన్నే. అందులో కమాన్ల ఊసే లేదు.

ఇప్పుడు మలుపు సంగతి. చెరువు కట్ట దిగే చోట 50 మీటర్ల వ్యాసార్ధంతో వంపు ఉందనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పక్కకు తోసే బలం బండి బరువులో పావు వంతు. 60తో తిరిగితే 0.57 వంతు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, తోపు మాత్రం రెండుంబావు రెట్లయింది. 0.58 దగ్గర పడిపోయే బండికి 0.57 అంటే ఇక మిగిలింది ఏమీ లేదు. అసలు రోడ్డు మీద అంత దాకా కూడా రానక్కర్లేదు. టైర్లు నలిగి, బాడీ వంగి గరిమనాభి బయటికి జరుగుతుంది కాబట్టి ఆ గీత ఇంకా ముందే వస్తుంది. గట్టి కమాన్లు ఈ జరుగుడును కొంత తగ్గిస్తాయి. అయితే అదనపు పట్టీలు బాడీని పైకి లేపుతాయి గనుక వచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది. పైగా మెత్తటి బండి ఒరిగి డ్రైవర్‌ను భయపెడుతుంది, అతను బ్రేకు మీద కాలేస్తాడు. గట్టి బండి నిటారుగా నిలబడి ధైర్యమిస్తుంది. నా అనుమానమంతా ఆ ధైర్యం మీదే.

ఎనుమాములలో సరుకు దింపి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఇంకో చిక్కు. బరువు లేని వెనుక భాగం గట్టి పట్టీల మీద ఎగిరెగిరి పడుతుంది. గాల్లో ఉన్న టైరుకు పట్టు ఉండదు, వాన పడితే వెనుక భాగం పక్కకు విసురుతుంది. కొన్ని పికప్‌లలో వెనుక బ్రేకు బలాన్ని లోడును బట్టి సర్దే వాల్వు ఉంటుంది. బాడీ ఎంత కిందికి దిగిందన్నదే దానికి లెక్క. పట్టీలతో బాడీ పైకి లేస్తే నిండు లోడున్నా బండి తేలికగా ఉందనుకుని వెనుక బ్రేకును తగ్గించేస్తుంది. ఇక ఆర్సీలో రాసిన బరువు పట్టీలతో పెరగదు. యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, ఛాసిస్ అన్నీ పాతవే కదా.

అపోహ: "కొత్త షాకబ్జర్లు ఏస్తే ఒరుగుడు బందైతది."

షాకబ్జరు కదలిక జోరును తగ్గిస్తుంది, ఎంత ఒరగాలో నిర్ణయించదు. పొడవాటి మలుపులో బండి చివరికి అంతే ఒరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా ఒరుగుతుంది. ఎడమకు తిప్పి వెంటనే కుడికి తిప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం మంచి షాకబ్జరు విలువ తెలుస్తుంది. పాతదైతే మొదటి ఊపు ఆగకముందే రెండోది వచ్చి కలుస్తుంది. ఆయిలు కారుతుంటే మార్చేయండి. బండి మూలను గట్టిగా నొక్కి వదిలాక ఒకటి రెండు ఊపులకు మించి ఆడుతున్నా అనుమానించాల్సిందే.

దానికంటే ముందు చూడాల్సినవి చవకవి: షాకిల్ బుష్‌లు, యూ బోల్టులు, సెంటర్ బోల్టు. బుష్ అరిగితే, యూ బోల్టు వదులైతే మలుపులో వెనుక యాక్సిల్ తన ఇష్టానికి ఓ పక్కకు తిరుగుతుంది. "స్టీరింగ్ సరిగ్గానే ఉంది, బండే పక్కకు కొడుతోంది" అనే ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఇదే ఉంటుంది.

అపోహ: "యాంటీ రోల్ బార్ బిగిస్తే ఎంత లోడైనా ఫికర్ లేదు."

ఎడమ, కుడి చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ ఇది. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఏమీ చేయదు. ఒకటి లేచి ఇంకొకటి దిగితే తడిగుడ్డ పిండినట్టు మెలిపడి ఎదురు తిరుగుతుంది. సవారీని పెద్దగా గట్టిపరచకుండా ఒరగడాన్ని తగ్గిస్తుంది కాబట్టి పట్టీలకంటే తెలివైన పద్ధతి. అయినా ముందు వెనుకల సమతూకం చూడకుండా బిగిస్తే బెడిసికొడుతుంది. ముందు మాత్రమే గట్టిపడితే మలుపులో బండి నేరుగా పోతానంటుంది. వెనుక మాత్రమే గట్టిపడితే తోక తిరుగుతుంది. ఖాళీ పికప్‌కు ఈ రెండోదే ఎక్కువ ముప్పు. మీ మోడల్‌కు కంపెనీ తయారుచేసిన బార్ ఉంటే అదే వేయించండి. భాగహారంలో దీనికీ చోటు లేదన్నది మాత్రం మరవొద్దు.

అపోహ: "గాలి తగ్గిస్తే టైరు రోడ్డును పట్టుకుంటది."

లోడు బండికి ఇది తిరకాసు సలహా. గాలి తక్కువైతే టైరు పక్క గోడలు మడతపడతాయి, స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గానీ బండి తిరగదు, ఎండలో టైరు వేడెక్కి పగలొచ్చు. మరీ ఎక్కువ కొట్టినా పట్టు పోతుంది. కంపెనీ చెప్పిన అంకెలు లోడుకు వేరు, ఖాళీకి వేరు ఉంటాయి, వాటినే పాటించాలి.

అపోహ: "పత్తి తేలిక, దానితోని భయం లేదు."

కాటా మీద తేలికే. కానీ పలకలు పెంచి, తాళ్లు కట్టి క్యాబిన్ మీదికి కొండలా పోసిన పత్తికి గరిమనాభి ఎక్కడ ఉంటుందో చూడండి. గాలి తోపు దానికి అదనం. బరువులో తక్కువ తూగినా ఎత్తు మించితే తప్పే: 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ఎత్తు, పక్కలు మించిన లోడుకు 20,000 రూపాయల జరిమానా చెబుతోంది. మిర్చి బస్తాలైతే కింది వరుస నిండాకే పై వరుస, బరువైనవి అడుగున, వెనుక యాక్సిల్‌కు ముందు. డాలా అవతలికి వేలాడే బరువు ముందు చక్రాలను పైకి లేపుతుంది, స్టీరింగ్ తేలిపోతుంది. ఒక వరుస తగ్గించుకుంటే కిరాయిలో కొంత పోతుంది, నిజమే. పట్టీల ఖర్చు మిగులుతుంది.

పెళ్లిళ్లకు నీళ్లు మోసే వెయ్యి లీటర్ల ట్యాంకు గురించి రివర్సులో ఓ నమ్మకం ఉంది: సగం ఖాళీ అయితే సగం భయం పోయినట్టేనని. నిండు ట్యాంకులో నీళ్లు కదలడానికి చోటుండదు. సగం ట్యాంకులో అర టన్ను నీళ్లు మలుపు బయటి వైపుకు పరుగెత్తి, గోడకు తగిలి మళ్లీ వెనక్కి వస్తాయి.

అపోహ: "టైర్లు కిందికి దిగితే ఏమైతది, మల్ల ఎక్కిద్దాం."

వడ్ల సీజన్లో ఊళ్ల రోడ్లు సగం దాకా ధాన్యంతో నిండుతాయి. ఎదురుగా బండి వస్తే పికప్ తారు అంచు దిగుతుంది. మెత్తటి మట్టిలో పక్కకు జారుతున్న చక్రం కూరుకుపోతే బండి కాలు తగిలిన మనిషిలాగే తలకిందులవుతుంది. ఒక్క బండే బోల్తా పడ్డ ప్రమాదాల్లో అత్యధికం ఇలా ఏదో ఒకటి అడ్డుతగిలి జరిగేవేనని అమెరికా లెక్కలు చెబుతాయి. దిగాల్సి వస్తే స్టీరింగ్ విదిలించకుండా, వేగం బాగా తగ్గాక నింపాదిగా ఎక్కించాలి.

అపోహ: "కూలీలే గదా, బరువెంత? ఇన్సూరెన్స్ ఎట్లాగూ ఉంది."

ఇరవై మంది నిలబడితే టన్నుకు పైనే. నిలబడ్డ మనిషి గరిమనాభి నడుము దగ్గర ఉంటుంది. డాలా ఎత్తు కలిపితే నేలకు ఒకటిన్నర మీటర్ల పైమాటే, అంటే బస్తాల లోడుకంటే చెడ్డది. మలుపులో అందరూ ఒకే వైపుకు తూలుతారు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహించదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో తేల్చింది. పరిహారం భారం బండి యజమాని మీద పడుతుంది. 1994 సవరణ ఇచ్చిన రక్షణ సరుకు యజమానికి, లేదా అతని ప్రతినిధికి. తన మిర్చి వెంట క్యాబిన్‌లో కూర్చుని ఎనుమాములకు వెళ్లే రైతు అందులోకి వస్తాడు. పొద్దున్నే డాలాలో మిర్చి ఏరడానికి వెళ్లేవాళ్లు రారు.