రుచియు, అభిరుచియు

హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయప్రాంగణమునకు చేరువనే, తార్నాకలో, ఆంగ్లబోధన నిమిత్తము 1958లో ఒక కేంద్రసంస్థ వెలసెను. 2007లో అది ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమయ్యెను. ఆంగ్లముపై ఆశతో మన పిల్లలు గ్రామములనుండి ఈ నగరమునకు వచ్చుచున్నారు. వారిని తడబరచునవి గంభీరపదములు మాత్రమే కావు. అన్నము కంచము చుట్టు తిరుగు చిన్నమాటలును తడబరచును.

'టేస్టీ', 'టేస్ట్‌ఫుల్' అను రెండును ఒకే మూలమునుండి పుట్టినవి. పప్పు రుచిగా నున్నదనుటకు మొదటిది తగును. ఇల్లు తీర్చిన తీరును, వస్త్రముల ఎంపికను మెచ్చుకొనుటకు రెండవది తగును. భోజనమును 'టేస్ట్‌ఫుల్' అని వ్రాసిన పల్లెటూరి బాలుడు నవ్వులపాలగును. ఈ భేదమును ఆంగ్లముననే వివరింపబూనిన అరగంట పట్టును. తెలుగున రెండు మాటలు చాలును: మొదటిది నాలుకకు సంబంధించిన రుచి, రెండవది మనస్సునకు సంబంధించిన అభిరుచి. 'డెలిషస్' అనగా మిక్కిలి రుచికరమనియే అర్థము. దానిముందు 'వెరీ' చేర్చుట చెరకుపై చక్కెర చల్లుట. 'టేస్ట్‌లెస్' మాత్రము రెండువైపుల నిలుచును: చప్పని కూరకును, ఔచిత్యమెరుగని పరిహాసమునకును అదియే మాట.

ఇక ఆంగ్లము కొరతపడు తావులును కలవు. కాఫీ వేడికిని, మిరపకాయ కారమునకును వారు 'హాట్' అనియే యందురు. నేరేడుపండు తిన్న మన పసివాడు సైతము 'వగరు' అనును. ఆంగ్లమున దానికి 'ఆస్ట్రింజెంట్' అను పండితులమాటను వెదకికొనవలెను. ఏటేట ఉగాది పచ్చడిలో షడ్రసములను చవిచూచు జాతి రుచుల విషయమున ఎవరికిని తీసిపోదు.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గైకొని ప్రారంభమయ్యెను. 1948 తరువాత ఆ స్థానము ఆంగ్లమునకు దక్కెను. ఆ రెండు పర్యాయములును తెలుగునకు ఆ పీఠము లభింపలేదు. ఆంగ్లము నేర్వవలదని మేమనము. చక్కగా నేర్వవలెననియే మా కోరిక. కాని తెలుగు మాటను తరగతినుండి వెలివేసి నేర్పు ఆంగ్లము వల్లెవేతగానే మిగులును.

నేడు మన యిండ్లలోనే 'కమ్మన' పోయి 'టేస్టీ' వచ్చినది. తలిదండ్రులారా, వగరును, కమ్మదనమును పిల్లలకు పేరుపెట్టి చెప్పుడు. తన తూనికరాళ్లను పారవైచుకొన్నవాడు పరుల సరకును తూచలేడు.