పాత్రపోషణ ఆటలలో వాస్తవికత

పాత్రపోషణ ఆట అంటే కొద్దిమంది ఒక బల్ల చుట్టూ కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను స్వీకరించి, మాటల ద్వారా కథను నడిపించే ఆట. దీనిని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అని వ్యవహరిస్తారు. నాటకానికి వలె ఇందులో ముందే వ్రాసిన సంభాషణలు ఉండవు. ఆటలోని లోకం నిజమనిపించాలంటే నియమాలు ఎంత వివరంగా ఉండాలి, కథను నడిపే అధికారం ఎవరికి ఉండాలి అనే రెండు ప్రశ్నలు ఈ ఆటల చరిత్ర పొడవునా చర్చకు వచ్చాయి.

ఆడే విధానం

ఆటగాళ్ళలో ఒకరు నిర్వాహకుడుగా ఉంటారు. నిర్వాహకుడు పరిస్థితిని వర్ణిస్తాడు, మిగిలినవారు తమ పాత్ర ఏమి చేస్తుందో చెబుతారు. ఫలితం అనుమానాస్పదమైనప్పుడు పాచికలు వేస్తారు. ఒక ప్రసిద్ధ పద్ధతిలో ఆరు ముఖాల పాచికలు రెండు వేసి కూడుతారు. మొత్తం 10 లేక అంతకు మించితే పని నెరవేరుతుంది. 7 నుండి 9 వరకు వస్తే నెరవేరుతుంది గాని ఏదో ఒక మూల్యం చెల్లించాలి. 6 లేక అంతకు తగ్గితే పరిస్థితి విషమిస్తుంది. మొత్తం 36 అవకాశాలలో ఈ మూడింటికి వరుసగా 6, 15, 15 వంతులు ఉన్నాయి. అంటే ఎక్కువ సార్లు ఏదో ఒక నష్టం తప్పదు.

తెలుగు పిల్లలు ఆడే గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు కూడా పాత్రలు ధరించి ఆడే ఆటలే. అయితే వాటిలో పాచికలు గాని, తీర్పరి గాని ఉండరు.

చరిత్ర

ఈ ఆటల మూలాలు సైనిక శిక్షణలో ఉన్నాయి. ప్రష్యా సైన్యానికి చెందిన రైస్విట్జ్ 1824లో ప్రచురించిన యుద్ధక్రీడలో పటాలు, పాచికలు, లెక్కల పట్టికలు, తీర్పరి ఉండేవారు. ఆ పట్టికల భారం వలన ఆట మందగించింది. 1876లో వెర్డీ డు వెర్నోయిస్ అనే ప్రష్యన్ సేనాని పట్టికలను పక్కనబెట్టి, అనుభవజ్ఞుడైన తీర్పరి విచక్షణకే ఫలితాలను వదిలివేసే పద్ధతిని ప్రతిపాదించాడు. వాస్తవికత లెక్కల వలన వస్తుందా, వివేకం వలన వస్తుందా అన్న చర్చ అప్పటి నుండి సాగుతూనే ఉంది.

1969లో అమెరికాలో డేవిడ్ వెస్లీ నిర్వహించిన బ్రౌన్‌స్టైన్ అనే ఆటలో సేనలకు బదులు వ్యక్తులను ఆటగాళ్ళకు అప్పగించారు. ఒక్కొక్కరికి వేర్వేరు లక్ష్యాలు ఇవ్వడంతో వారు నిర్వాహకుడు ఊహించని మార్గాలలో పరస్పరం మంతనాలు మొదలుపెట్టారు. ఆ బృందానికి చెందిన డేవ్ ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను ప్రచురించాడు. పైన చెప్పిన రెండు పాచికల పద్ధతి 2010లో విన్సెంట్ బేకర్ వెలువరించిన అపోకలిప్స్ వరల్డ్ ద్వారా వ్యాప్తి చెందింది. ఈ ఆట నిర్వాహకుడు ముందుగా కథాగమనాన్ని నిర్ణయించరాదని నియమం పెట్టింది.

ఉదాహరణ: ఉద్దానం తీరం

శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస తదితర మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతం కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ప్రసిద్ధి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. అటువంటి మరో తుపాను రాబోతున్నట్లు ఒక ఆటను ఊహించవచ్చు. పాత్రలు నాలుగు: తీరగ్రామంలో మరపడవ యజమాని, కొబ్బరి రైతు, కాశీబుగ్గ జీడి పరిశ్రమలో రోజుకూలీకి పనిచేసే స్త్రీ, మరునాడు పలాస ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకోవలసిన వృద్ధుడు. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఈ ప్రాంతంలో విస్తృతంగా ఉన్నందున నాలుగవ పాత్ర ఇక్కడి జీవితానికి దూరమైనది కాదు.

నిర్వాహకుడు వృద్ధుడు బయటపడతాడని ముందే నిశ్చయించుకొంటే, ఎవరు ఏమి చేసినా కథ అక్కడికే చేరుతుంది. ఇటువంటి ఆటను అభిమానులు రైలు పట్టాలతో పోలుస్తారు. గాలి వేగాన్ని ఎంత ఖచ్చితంగా చెప్పినా అది వాస్తవికం అనిపించుకోదు.

రెండవ పద్ధతిలో నిర్వాహకుడు ముగింపును కాక పరిస్థితిని మాత్రమే సిద్ధం చేస్తాడు: తుపాను తీరం దాటే సమయం, దారి వెంట చెట్లు ఉన్న చోట్లు, ఊరిలో ఉన్న ఒకే ఒక్క ఆటో, ఎవరికి ఏమి కావాలి అన్న విషయాలు. పడవను ఒడ్డుకు చాలా పైకి లాగాలంటే పదిమంది కావాలి. ఆటో నడిపేవాడు కూడా అందులో ఉంటే వృద్ధుని ప్రయాణం ఆలస్యమౌతుంది. జీడి కార్మికురాలు ఒక పూట కూలి వదులుకొని వృద్ధునికి తోడుగా ముందే బయలుదేరవచ్చు. రైతు తోటను విడిచి రానని మొండికేయవచ్చు. రెండు గంటల ఆలస్యం తరువాత చెట్లు కూలి దారి మూసుకుపోతే, అది నిర్వాహకుడు విధించిన శిక్ష కాదు, బల్ల చుట్టూ ఉన్నవారు తీసుకున్న నిర్ణయానికి ఫలితం. పడవను వదిలేసినా నష్టమే. తుపాను తరువాత దాని యజమాని గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలసపోవలసి రావచ్చు. పడిపోయిన కొబ్బరి చెట్ల స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది గనుక, ఆట తుపానుతో ముగియనక్కరలేదు.

కాబట్టి ఇక్కడ వాస్తవికత అంటే వివరాల సంఖ్య కాదు. నిర్ణయానికి తగిన ఫలితం పక్షపాతం లేకుండా కలగడం. ఆటగాళ్ళ స్వేచ్ఛకు అది అడ్డంకి కాదు. ఫలితం ఉన్నప్పుడే ఎంపికకు అర్థం ఉంటుంది.

విపత్తు కసరత్తులు

యుద్ధక్రీడల నుండి వచ్చిన మరొక శాఖ విపత్తు నిర్వహణలో వాడుకలో ఉంది. భారతదేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మాక్ డ్రిల్‌లకు ముందు టేబుల్‌టాప్ ఎక్సర్‌సైజ్ నిర్వహిస్తుంది. ఇందులో అధికారులు ఒక ఊహాజనిత విపత్తును ఎదుట పెట్టుకొని ఎవరు ఏమి చేయాలో చర్చిస్తారు. 2017 నవంబరు 24న ఆంధ్రప్రదేశ్‌తో సహా తూర్పు తీర రాష్ట్రాలలో సునామీ మాక్ డ్రిల్ జరిగింది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇందులో పాల్గొంది. కసరత్తులో అధికారి అధికారిగానే ఉంటాడు. ఆటలో మాత్రం అధికారి మత్స్యకారుడు కావచ్చు, మత్స్యకారుడు అధికారి కావచ్చు. హెచ్చరిక విన్న తరువాత కూడా కొందరు ఇల్లు ఎందుకు కదలరో ఈ మార్పిడి వలన కొంత బోధపడుతుంది.

పరిమితులు

నిర్వాహకుడికి స్థలజ్ఞానం లేకపోతే తీర్పులు తప్పుతాయి. గాలి మారడం, అల తీరు, పడవ బరువు వంటి విషయాలలో ఆటగాళ్ళలో ఉన్న జాలరి మాట నియమావళి కంటే విలువైనది. అందువలన తీర్పు చెప్పే ముందు తెలిసినవారిని అడిగే ఆనవాయితీ కొన్ని బృందాలలో ఉంది. అలాగే తుపానులో గాని, వ్యాధి వలన గాని ఆప్తులను కోల్పోయినవారు బల్ల వద్ద ఉండవచ్చు. ఏ సంఘటనలు ఆటలోకి రాకూడదో ముందుగానే అందరూ కలిసి నిర్ణయించుకొంటారు. ఆట మధ్యలో ఎవరు ఆపమన్నా కారణం అడగకుండా ఆపివేస్తారు.