పసుపా? సముద్రపు నాచా?

మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులని వీధి వీధంతా తెలిసిపోయింది. ఫలితంగా మా బీరువాలోకి రెండు సీసాలు చేరాయి. ఒకటి అమెరికా నుంచి అమ్మాయి తెచ్చిన పసుపు మాత్రలు. రెండవది పక్కింటి పిన్నిగారిచ్చిన సముద్రపు నాచు మాత్రలు.

"ఏవి వేసుకోమంటారండీ?" అంది మా ఆవిడ.

"రెండూ మొక్కల మందులేగా, ఏవైతేనేం!" అన్నాను.

ఆనక సీసా మీది చిన్నచిన్న అక్షరాలు చదివి నాలిక కరుచుకున్నాను. ఆవిడ పదేళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. నాచులో అయోడిన్ మెండు. అసలు 1811లో ఫ్రాన్సులో కుర్త్వా అనే ఆయనకు అయోడిన్ మొదట దొరికింది నాచు బూడిదలోనే! పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. అయోడైజ్డ్ ఉప్పు వాడే ఇళ్ళలో అది చాలావరకు ఉప్పుతోనే అందుతుంది. కెల్ప్ అనే నాచు ఒక్క గ్రాములోనే అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. లోటున్నవారికి అయోడిన్ మేలే. మోతాదు మించితే అదే థైరాయిడ్‌ను తలకిందులు చేస్తుంది.

"అయితే పసుపే నెగ్గిందన్నమాట!" అంది మా ఆవిడ.

"ఆగు, డాక్టరుగారిని అడుగుదాం," అన్నాను.

ఆయన ఆవిడ వాడే మందులన్నీ చూసి, నెమ్మదిగా చెప్పారు. పసుపులో పనిచేసేది కుర్కుమిన్. అది వంటింటి పసుపులో నూటికి మూడు పాళ్ళు. ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే ఎన్నో రెట్లు పడుతుందని 1998లో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించారు. అందుకే చాలా మాత్రల్లో మిరియాల సారం కలుపుతారు. మోకాళ్ళ నొప్పి కొందరికి కొంత తగ్గవచ్చు. కాని ఇలాంటి మాత్రలతో కాలేయం దెబ్బతిన్నవారూ ఉన్నారు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు వైద్యుణ్ణి అడగకుండా ముట్టకూడదు.

"కూరలో పసుపు వేరమ్మా, సీసాలో పసుపు వేరు. నెల్లాళ్ళు చూద్దాం. రోజూ నడవండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా వెంటనే మానేసి రండి. పసుపు ఇంటిని పచ్చగా ఉంచాలి గాని, కళ్ళను కాదు!"

సాయంత్రం నాచు సీసా తిరిగి ఇవ్వబోతూ పిన్నిగారికి ఈ కథంతా చెప్పాం. ఆవిడ నవ్వలేదు.

"రెండు నెలలుగా నేనూ అవే మింగుతున్నాను నాయనా. ఈమధ్య ఎందుకో ఒకటే గుండెదడ," అన్నారు.

మర్నాడు ఉదయం రిక్షాలో ఇద్దరూ వెళ్ళారు, పిన్నిగారు రక్తపరీక్షకు, మా ఆవిడ తోడుకు. నాచు సీసా మాత్రం డాక్టరుగారికి చూపించడానికి సంచీలో ఉంది.