ఊరి బొమ్మల పెట్టె: సెల్ ఫోనుతో పంచాయతీలు చేయదగిన ఫొటో పనులు

ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల పల్లెలలో నేడు కెమెరా గల సెల్ ఫోను లేని వీధి కానరాదు. పెండ్లి విందు మొదలు మిరపతోటకు పట్టిన తెగులు వరకు సమస్తమును ఫొటోలకు ఎక్కుచున్నది. అయితే వీనిలో పెక్కు ఫొటోలు ఫోనులో పుట్టి, ఆ ఫోను చెడిన నాడు దానితోనే గిట్టుచున్నవి. యువకులు ఫొటోలకు రంగులు మార్చి, పూలదండలు తగిలించి, పాటలు జోడించి ఒకరికొకరు పంపుకొనుచున్నారు. ఇది వినోదము, వినోదమును మేము తప్పు పట్టుట లేదు. కాని అదే ఫోనుతో, అట్టి వినోదపు యాప్‌లతోనే పంచాయతీకి అక్కరకు వచ్చు పనులు కొన్ని గలవు. వానిని ఎట్లు చేయవచ్చునో, ఎచట జాగ్రత్త వహింపవలెనో పంచాయతీ సభ్యుల కొరకు ఇచట వివరించుచున్నాము.

బొమ్మ వలన కలుగు మేలు ఎట్టిదో కృష్ణాతీరవాసులకు దగ్గరి నిదర్శనమే కలదు. ముక్త్యాలకు దిగువన, ఆవలి గట్టున ఉన్న అమరావతి స్తూపపు రాళ్లు పద్దెనిమిదవ శతాబ్ది చివర, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అచటికి మార్చిన కాలమున, కట్టడములకు తరలిపోయినవి. మరికొన్ని సున్నమునకు కాలిపోయినవి. సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1816 మొదలుకొని తన సిబ్బందిచే అచటి శిల్పములకు బొమ్మలు గీయించెను. ఆ బొమ్మలలో ఉండియు నేడు భూమిమీద ఎచటను కానరాని శిల్పములు గలవు. రాయి పోయినది, కాగితము మిగిలినది. వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేర నిలిపిన జగ్గయ్యపేటలోను కథ వేరు కాదు. ధనబోడు దిబ్బ మీది స్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించి, దొరికిన శిల్పముల చిత్రములను 1887లో అమరావతి శిల్పములతో కలిపి గ్రంథముగా ప్రచురించెను. అచట లభించిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకము ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్నది. మన ప్రాంతపు పిల్లలు దానిని ఫొటోలో చూచి తృప్తి పడవలసినదే.

మన ఇండ్లలోని పాత ఫొటోల స్థితియు ఇట్లే యున్నది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ మున్నగువారు నందికొండ వద్ద ఆనకట్ట కొరకు పాటుపడగా, 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసెను. ఎడమ కాలువ నీరు రాకమునుపు ఈ మెట్ట ప్రాంతము ఎట్లుండెనో చూపగల చిత్రములు ప్రభుత్వ కార్యాలయములలో కంటె ఇండ్లలోని ట్రంకుపెట్టెలలో దొరకుటకు అవకాశము హెచ్చు. మోట బావి వద్ద ఎడ్లజత, రేవున పడవ, అరుగు మీద బడిపిల్లల వరుస, తిరునాళ్లలో ప్రభ, ఇట్టివి. చెమ్మకు, చెదకు ఒక్కొక్కటిగా మాసిపోవుచున్నవి. అంతకంటె తొందరపెట్టు సంగతి మరియొకటి గలదు. ఫొటోలోని ముఖములను చూచి "వీడు మా మేనమామ కొడుకు, ఆ వెనుక నిలిచినది కరణంగారి తమ్ముడు" అని చెప్పగలవారు నేడు డెబ్బది దాటిన పెద్దలు. వారు గతించిన పిదప ఫొటో మిగిలినను అది పేరులేని బొమ్మయే యగును.

కనుక మొదట చేయవలసిన పని పాత ఫొటోలకు నకలు తీయుట. ఫొటోను నేరుగా ఫోనుతో తీసినచో దీపపు కాంతియో కిటికీ వెలుతురో దానిమీద పడి తెల్లని మరక యేర్పడును. దీనికొరకు గూగుల్ సంస్థ 2016లో ఫొటోస్కాన్ అను ఉచిత యాప్‌ను విడుదల చేసినది. మొదట ఫొటో మొత్తమును చూపిన పిమ్మట తెరపై నాలుగు చుక్కలు కనబడును. ఫోనును ఒక్కొక్క చుక్క మీదికి జరుపవలెను. ఫోను కదలిన కొలది మెరుపు మరక చోటు మారును. ఒక చిత్రములో మరక పడిన భాగము వేరొక చిత్రములో శుభ్రముగా నుండును. యాప్ ఆ శుభ్రమైన భాగములనే ఏరి కూర్చి, అంచులు కత్తిరించి, వంకర సరిచేసి ఇచ్చును. పగటివేళ, వసారాలో, ఎండ నేరుగా పడనిచోట ఈ పని చేయుట మేలు. అద్దమునకు అతుక్కొనిపోయిన ఫొటోను ఊడదీయరాదు. పటముతో సహా నకలు తీయవలెను. ఫొటోను వెనుకకు త్రిప్పి ఆ వైపును కూడ తీయుట మరువరాదు. స్టూడియో ముద్ర, తేదీ, పెన్సిలుతో వ్రాసిన పేర్లు అచటనే యుండును.

ఇక పేర్ల మాట. ఈ విషయమున మనకు దారి చూపినవాడు జగ్గయ్యపేట స్తూపమునకు ఆయక స్తంభములు అయిదు సమర్పించిన సిద్ధార్థుడను శిల్పి. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని ఇరువదియవ పాలన సంవత్సరమున వేయించిన ఆ శాసనములో రాజు పేరు, సంవత్సరము, ఋతువు, పక్షము, దినము, తన పేరు, తండ్రి పేరు, ఊరు, తాను ఇచ్చిన వస్తువు, దానిని నిలిపిన చోటు వరుసగా చెక్కబడియున్నవి. పదునారు వందల ఏండ్లకు పైబడినను ఆయన ఎవడో మనకు తెలియుచున్నది. నిరుడు తీసిన గ్రామసభ ఫొటోలో నిలుచున్నవారెవరో చెప్పలేని పంచాయతీలు లేకపోలేదు. ప్రతి ఫొటోకు ఎవరు, ఎచట, ఎప్పుడు, ఎవరు తీసిరి, ఎవరి ఇంట దొరికినది అను అయిదు సంగతులు నోటుబుక్కులో వ్రాసి, ఫొటోకును పుస్తకములోని పద్దుకును ఒకే అంకె వేయవలెను. పెద్దలు చెప్పు మాటలను ఫోనులోనే ధ్వనిముద్రణ చేయవచ్చును. యాప్‌లన్నిటికంటె ఈ నోటుబుక్కే విలువైనదని మా అభిప్రాయము.

నకలు సిద్ధమైన పిమ్మట వినోదము మొదలగును. గూగుల్ వారి స్నాప్‌సీడ్ అను యాప్ ఉచితము. మాసిన ఫొటోకు వెలుగునీడలు తీర్చుట, గీతలను, మచ్చలను చెరుపుట, ఒరిగిన గోపురమును నిటారుగా నిలుపుట దానితో సాధ్యము. నలుపు తెలుపు ఫొటోకు రంగులద్దు సాధనములును గలవు. మైహెరిటేజ్ అను సంస్థ 2020లో అట్టిదానిని, 2021లో పాత ఫొటోలోని ముఖము కన్నులార్పి తల త్రిప్పునట్లు చేయు మరియొక సాధనమును విడుదల చేసినది. 2025 సెప్టెంబరులో గూగుల్ జెమినీతో తమ ఫొటోలను పాతకాలపు చీరకట్టు చిత్రములుగా మార్పించుకొనుట మన దేశమంతట వేడుకగా సాగినది.

ఇచట పంచాయతీ సభ్యులు గ్రహింపవలసిన భేదము ఒకటి గలదు. నలుపు తెలుపు ఫొటోలో ఎరుపును ఆకుపచ్చయు ఒకే బూడిద వన్నెగా కనబడవచ్చును. అమ్మమ్మ కట్టిన చీర రంగు ఆ ఫొటోలో లేదు. యంత్రము తాను ముందు చూచిన లక్షలాది ఫొటోలను బట్టి ఆ రంగును ఊహించును, అంతే. చిరిగిపోయిన ముఖమును పూరించునప్పుడును అదియే జరుగును. ఆ ముక్కు, ఆ కన్ను వేరెవరివో కావచ్చును. ఇంటి గోడకు తగిలించుకొనుటకు ఇది దోషము కాదు. ఊరి చరిత్రకు మాత్రము కీడు. పదేండ్లు గడచిన పిదప ఏది ఉన్నది, ఏది కల్పించినది అని చెప్పువారుండరు. కావున మూలపు నకలును ఒక సంచికలో తాకకుండ ఉంచి, ఆటలన్నియు దాని ప్రతుల మీదనే ఆడవలెను. ఆ ప్రతుల మూలమీద "రంగులు కల్పించినవి" అని తెలుగున వ్రాయవలెను.

ఈ నియమము పాత ఫొటోలకే కాదు. పంచాయతీ పనుల ఫొటోలకు మరింత ముఖ్యము. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ రూపొందించిన ఎంయాక్షన్‌సాఫ్ట్ అను యాప్‌తో పనికి ముందు, పని నడుమ, పని ముగిసిన పిమ్మట స్థలవివరముతో ఫొటోలు తీయు పద్ధతి యేర్పడినది. అట్టి ఫొటోకు విలువ అందు ఏమియు మార్పబడకుండుట వలననే కలుగుచున్నది. చెరువుగట్టు ఫొటోలో ముండ్లపొదను వ్రేలితో చెరిపివేయుట నేడు క్షణములో పని. గట్టు మీద ముండ్లపొద మాత్రము అట్లే యుండును.

మూడు దశల ఫొటోల ఆలోచనను పంచాయతీ తన సొంత వేడుకగా విస్తరించుకొనవచ్చును. ఆస్ట్రేలియాలోని సిడ్నీ తీరమున 2017లో కోస్ట్‌స్నాప్ అను కార్యక్రమము మొదలైనది. సముద్రపు ఒడ్డున ఒక కమ్మికి ఫోను ఆనునట్లు చిన్న లోహపు పీట బిగించిరి. దారిన పోవువారెవరైనను దానిపై ఫోను పెట్టి ఒక ఫొటో తీసి పంపుదురు. అందరి ఫొటోలును ఒకే చోటు నుండి, ఒకే కోణములో తీసినవగుటచే, ఇసుకతీరము ఎంత కోసుకుపోయినదో, ఎంత పెరిగినదో వానినిబట్టి కొలుచుచున్నారు. మన ఊళ్లలో కృష్ణ రేవున, మున్నేటి వంతెన చెంత, ఊరచెరువు తూము కడ ఇట్టి పీట నొకటి బిగించుటకు ఊరి వెల్డింగు షాపు చాలును. నెలకొక ఫొటో తీసినను ఏడాదికి పన్నెండు చిత్రములగును. వానిని వరుసగా పేర్చి త్రిప్పినచో చెరువు నిండుట, ఇంకుట, గుర్రపుడెక్క క్రమ్ముకొనుట కన్నులకు కట్టును. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద నమోదైన సంగతి అందరికి తెలిసినదే. అప్పుడు నీరు ఏ గోడమీద ఎంత యెత్తు వరకు వచ్చినదో ఊరిలో ఎవరి ఫోనులో ఫొటో యున్నను వెంటనే సేకరించి అంకె వేయుట మంచిది. ఇల్లు ఎచట కట్టవచ్చును, ఎచట కట్టరాదు అను వాదము వచ్చినప్పుడు ఆ గోడ ఫొటోయే సాక్షి.

పల్లెల పొలిమేరలలో వీరగల్లులు, నాగశిలలు, శాసనపు బండలు పడియున్నచో వానికి మరియొక ఉపాయము గలదు. పాలీక్యామ్, రియాలిటీస్కాన్ వంటి యాప్‌లతో రాతి చుట్టును తిరుగుచు, ఒకదాని నొకటి కొంత కప్పునట్లు పదులకొలది ఫొటోలు తీసినచో, తెరమీద అన్ని వైపులకు త్రిప్పి చూడదగిన నిండురూపము సిద్ధమగును. రెండు కన్నులతో చూచుటవలన మనకు దూరము తెలియునట్లే, ఒకే బిందువు వేర్వేరు ఫొటోలలో ఎచట కనబడినదో చూచి యంత్రము లోతును లెక్కగట్టును. మబ్బు పట్టిన పూట తీసిన యెడల నీడలు పడక రూపము చక్కగా వచ్చును. అక్షరములు స్పష్టముగా కనబడుటకు సుద్దపొడి పూయుటయు, నూనె రుద్దుటయు తగదు; సాయంకాలపు ఏటవాలు వెలుతురులో తీసిన ఒక మామూలు ఫొటో అంతకంటె బాగుగా చదివించును.

బడిపిల్లలకు ఈ పనులలో భాగము పంచినచో ఉత్సాహముగా చేయుదురు. కాన్వా అను యాప్‌లో తెలుగు అక్షరములు గలవు. నెలకొక పాత ఫొటోతో ఊరి క్యాలెండరు, పేర్లతో కూడిన గోడపటము కూర్చవచ్చును. ముక్త్యాల కోటను, వేదాద్రి నరసింహస్వామి ఆలయ పరిసరములను, తమ ఊరి చెరువును పెద్దలు తామే తీసిన ఫొటోలను వికీమీడియా కామన్స్‌లో ఉంచిన యెడల, 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోని మన గ్రామముల వ్యాసములలో అవి చేరును. అట్లు ఉంచిన ఫొటోను లోకములో ఎవరైనను, వ్యాపారమునకు సైతము, వాడుకొనుటకు అనుమతి ఇచ్చినట్లగునని ముందే తెలిసికొనవలెను. ఇతరులు తీసినవానిని, స్టూడియో ఫొటోలను అందు పెట్టరాదు.

ఇండ్లలో సేకరించిన కుటుంబ ఫొటోలను సొంతదారు ఒప్పుకొనక ఎచటను ప్రకటింపరాదు. నేడు ఒక ముఖము దొరకినచో దానిని వేరొక దేహమునకు తగిలించు యాప్‌లు బడిపిల్లల చేతులకు సైతము అందుచున్నవి. ఊరి వాట్సాప్ గుంపులో సరదాకని పెట్టిన ఆడపిల్ల ఫొటో ఎచటికి పోయి ఏ రూపమున తిరిగి వచ్చునో ఎవరును చెప్పలేరు. ఒకరి ఆంతరంగిక చిత్రమును సమ్మతి లేక తీయుటకును, పంపుటకును సమాచార సాంకేతిక చట్టములోని 66-ఈ విభాగము మూడేండ్ల వరకు కారాగారము గాని, రెండు లక్షల రూపాయలకు మించని జరిమానా గాని, రెండును గాని విధించుచున్నది. ఫొటోతో పాటు అది తీసిన స్థలపు వివరమును ఫోను గుప్తముగా చేర్చవచ్చును. పనుల ఫొటోలకు అది అవసరము, ఇంటి ఫొటోలకు అనర్థము. కెమెరా సెట్టింగులలో దానిని ఆపివేయవచ్చును.

చివరకు భద్రపరచుట. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిక్కి బక్కదగును; డాక్యుమెంటుగా పంపినచో ఉన్నది ఉన్నట్లు చేరును. గూగుల్ ఫొటోస్‌లో పరిమితి లేని ఉచిత స్థలము 2021 జూన్ 1తో ముగిసినది. ఇప్పుడు ఉచితముగా లభించునది, ఉత్తరములు మున్నగు వానితో కలిపి, 15 జీబీ మాత్రమే. పైగా ఒక వ్యక్తి పేర తెరచిన ఖాతా ఆ వ్యక్తితోనే పోవును. సర్పంచి మారినను, కార్యదర్శి బదిలీయైనను చెడకుండుటకు పంచాయతీ పేర ఒక ఖాతా, రెండు హార్డు డిస్కులు ఉండవలెను. ఒకటి పంచాయతీ బీరువాలో, రెండవది ఉన్నత పాఠశాలలో ఉంచి, ఏటా ఒకసారి తెరచి చూచి, అయిదారేండ్లకు క్రొత్త డిస్కులోనికి మార్చుచుండవలెను. నోటుబుక్కునకు కూడ ఒక జిరాక్సు ప్రతి తీసి రెండవ డిస్కుతో పాటు బడిలో ఉంచవలెను.